ఎవరి పుణ్యాన్నీ కాను

జడ్జిగారికి గడ్డం గీయడమంటే మాటలు కాదు. ఆయన మెడ ఆయన మాట వినదు, చేతులు అసలే వినవు. పుట్టినప్పటి నుంచీ అంతే. బుగ్గ మీద బ్లేడు ఆనిందో లేదో తల ఒక పక్కకి విసురుగా తిరిగిపోతుంది. అందుకని గీసేవాళ్ళు ఆ విసురు వచ్చి పోయేదాకా ఆగాలి, మెడ సడలిన సందు చూసి రెండు గీతలు గీయాలి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తొందరపడ్డారా, నెత్తురే. ఈ విద్య పట్టుబడేలోగా పొట్టక్క చేతిలో ఆయన బుగ్గలు చాలాసార్లే తెగాయి. తెగినప్పుడల్లా ఆయన ఆమె మీద తీర్పు చెప్పాడు. టీలో పంచదార దగ్గర్నుంచి రేడియోలో పాట దాకా ప్రతిదాని మీదా తీర్పు చెప్పడం ఆయనకి అలవాటు. ఆ పేరు అలా వచ్చిందే గానీ, ఆయన ఏ కోర్టు గుమ్మమూ ఎక్కినవాడు కాదు.

ఆ పసుపు గోడల ఇంటి ముందు మెట్లుండవు, ఏటవాలు బాట ఉంటుంది. తమ పని తాము చేసుకోలేని మనుషులు కొంతమంది అందులో కలిసి ఉంటారు. వాళ్ళ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అమ్మానాన్నలూ పెట్టుకున్న సంఘం దాన్ని నడుపుతుంది. సంఘం నడపడమంటే మీటింగులు పెట్టడం. లేపడం, కడగడం, తినిపించడం, ఒళ్ళు ఒరుసుకుపోకుండా పక్కకి తిప్పడం పొట్టక్కలాంటి వాళ్ళ వంతు. పొట్టక్క పేరుకి తగ్గ మనిషే. జడ్జిగారేమో నిలబడగలిగితే గుమ్మం నెత్తికి తగిలేంత పొడుగు. ఆయన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి ఆమె ఒక్కతే మార్చడం చూసి కొత్తవాళ్ళు నోరు వెళ్ళబెడతారు.

ఆ బుధవారం పొద్దున అలా నోరు వెళ్ళబెట్టినవాడు కండక్టరు. బస్సు కంపెనీ మూతపడ్డాక ఈ పనిలో చేరాడు. మనిషి మంచివాడే గానీ పాత అలవాటు ఇంకా వదల్లేదు. కుర్చీ తోస్తూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి "జరగండి, లోపలికి జరగండి" అనేస్తాడు.

"చూడు తమ్ముడూ, ఇక్కడ దవడ కింద వేలు ఆనించాలి. గట్టిగా కాదు. ఆయన తల ఎటు పోవాలంటే అటు పోనీ. నువ్వు పట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది" అంటూ పొట్టక్క బ్లేడు అతని చేతికిచ్చింది.

కండక్టరు బ్లేడు బుగ్గకి ఆనించాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని ఆపింది, వదిలింది, మళ్ళీ ఆపింది. అలా ఒక బుగ్గంతా నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. నీళ్ళ గిన్నె మార్చడానికి అతను బయటికి వెళ్ళగానే జడ్జిగారు నోరు తెరిచాడు.

ఆయన మాట బయటికి రావాలంటే ముందు ఒళ్ళంతా బిగుసుకోవాలి. ఒక్కో అక్షరం లోపల్నుంచి తోసుకుంటూ, సాగుతూ వస్తుంది. కొత్తవాళ్ళకి అది మూలుగులాగే వినిపిస్తుంది. ఇక్కడ పనివాళ్ళకి ఒక పద్ధతుంది. చివరిమాట ఏమిటో ముందే తెలిసిపోయినా సరే, మధ్యలో అందుకోకూడదు. ఇతరులకి చెప్పాల్సి వస్తే ఆయన అన్నది అన్నట్టు చెప్పాలి, కలపకూడదు, తగ్గించకూడదు. మాట ఆయనది, గొంతు మాత్రమే మనది అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది పొట్టక్కే.

"ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నాడు జడ్జిగారు.

పొట్టక్క తువ్వాలు అందుకుంది. "ఎక్కడికండీ?"

"మొన్న ఎత్తడం నేర్పావు. నిన్న మింగించడం. ఇవాళ గడ్డం. ఇన్నాళ్ళూ ఆ బ్లేడు ఎవరికీ ఇవ్వనిదానివి."

ఇక దాచి లాభం లేకపోయింది. తువ్వాలుతో ఆయన మెడ తుడుస్తూ, ముఖం చూడకుండా చెప్పింది. "సోమవారం నుంచండీ. మా వదిన పనిచేసే దుకాణంలో. అద్దె పెంచారు. మా ఆయన కుట్టు మిషనుకి గిరాకీ లేదు. ఎన్నాళ్ళని లాగుతాం?"

"ఎక్కువిస్తారా?"

"ఇక్కడికంటే చాలా ఎక్కువండీ."

"పని?"

"అట్టపెట్టెలకి టేపు అంటించడం."

జడ్జిగారు నవ్వాడు. ఆయన నవ్వితే కుర్చీ మొత్తం కదులుతుంది. ఆ కదులుడు తగ్గేదాకా పొట్టక్క ఆగింది.

"అయితే అట్టపెట్టె నాకంటే ఖరీదన్నమాట" అన్నాడు.

సరదాకే అన్నాడు. అయినా ఆ మాట ఆమెకి ముల్లులా దిగింది. మధ్యాహ్నం ఆయనకి అన్నం కలుపుతుంటే కూడా అదే గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

*

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వదిన వచ్చి కూర్చుని ఉంది. వదిన నోరు ఆగదు గానీ మనసు మంచిది. ఈ ఉద్యోగం కోసం దుకాణం సూపర్‌వైజరు వెంట పడి, అతను విసుగెత్తి ఒప్పుకునేదాకా వదల్లేదు. ఇప్పుడు దుకాణంవాళ్ళ నీలం కోటు ఒకటి తెచ్చి మరదలికి తొడిగి చూస్తోంది. కోటు చేతులు వేళ్ళని దాటి వేలాడాయి.

"నీ కొలతకి కోటు కుట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదే పొట్టీ" అంది వదిన.

"కుట్టేవాడు ఇక్కడున్నాడు" అంటూ పొట్టక్క మొగుడు గుండుసూదులు నోట్లో పెట్టుకుని చేతులు మడతపెట్టసాగాడు. పని చేతిలో ఉంటే అతనికి ప్రాణం లేచి వస్తుంది.

"అక్కడ ఎవర్నీ మొయ్యక్కర్లేదు. ఎవరి ముడ్డీ కడగక్కర్లేదు. పెట్టె వస్తుంది, టేపు వేస్తావు, పంపేస్తావు. నడుం నొప్పి ఉండదు. పెట్టె నిన్ను తిట్టదు కూడా" అంది వదిన.

"తిట్టకపోతే తోచదేమో వదినా."

"తోచకపోతే నేను తిడతాలే!" వదిన నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. వెళ్ళాలని లేదా?"

పొట్టక్క కోటు గుండీలు విప్పింది. "పని మీద విసుగేం లేదు వదినా. ఆ జీతంతో బతకలేకే వెళ్తున్నా. అడిగి చూశాను కూడా. ప్రతిసారీ ఒకే మాట. పుణ్యం చేస్తున్నావమ్మా అంటారు."

"పుణ్యాన్ని అద్దె కింద తీసుకుంటాడేమో మీ ఇల్లుగలాయన్ని అడిగి చూడకపోయావా" అంది వదిన.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే పొట్టక్క కళ్ళు తుడుచుకుంది. మొగుడు చూసి కూడా చూడనట్టు సూది గుచ్చుతూ కూర్చున్నాడు.

*

శుక్రవారం జడ్జిగారి తమ్ముడు వచ్చాడు. సంఘానికి కోశాధికారి ఆయనే. వారం తప్పకుండా వస్తాడు. అరటిపళ్ళు తెస్తాడు, అన్నయ్య దుప్పటి సర్దుతాడు, వేళ్ళకి గోళ్ళు పెరిగాయేమో చూస్తాడు. ప్రేమకేం తక్కువ లేదు. కూర్చుని అన్నయ్య మాట వినే ఓపిక ఒక్కటే లేదు. ఏ ప్రశ్న వేసినా పొట్టక్క ముఖం చూసి వేస్తాడు.

"అన్నయ్య నిద్ర సరిగా పోతున్నాడా అమ్మా?"

"ఆయన్నే అడగండి సార్" అంటుంది పొట్టక్క. ఆయన అన్నయ్య వైపు తిరుగుతాడు, జడ్జిగారి ఒళ్ళు బిగుసుకుంటుంది, మొదటి అక్షరం బయటికొచ్చేలోగా తమ్ముడికి ఇంకో విషయం గుర్తొస్తుంది.

ఆవేళ ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఈ ఏడు సంఘానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు పెరిగిందట. రేపు మీటింగులో అందరికీ చెప్పబోతున్నాడు. ఫోను తీసి బొమ్మ చూపించాడు. తెల్లటి వ్యాను, వెనక తలుపు తెరిస్తే కుర్చీతో సహా మనిషిని పైకెత్తే పలక.

"అన్నయ్యా, ఇక ఎక్కడికంటే అక్కడికి వెళ్ళొచ్చు నువ్వు!"

బొమ్మ నిజంగానే బాగుంది. పొట్టక్క దాన్ని చూసింది, తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఎలాగూ వెళ్ళిపోతున్నదే, ఇంక భయమేమిటి?

"సార్, డబ్బు పెరిగిందంటున్నారు కదా. జీతాల సంగతి కూడా కొంచెం..."

తమ్ముడి ముఖంలో కోపం లేదు. అదే వచ్చిన చిక్కు. ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీరు చేసేది జీతానికి చేసే పనా అమ్మా? అన్నదమ్ములం, మేమే చెయ్యలేకపోతున్నాం. ఇది పుణ్యం. దీనికి మేం వెల కట్టగలమా?"

చేతులు జోడించిన మనిషితో ఏం పోట్లాడుతుంది? మడిచిన తువ్వాలు తీసి అలమరలో పెట్టింది. ఆయన అన్నయ్య నుదురు నిమిరి, అరటిపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

కారు శబ్దం వీధి మలుపు దాటాక జడ్జిగారు అన్నాడు. "రేపు మీటింగుకి నన్ను తీసుకెళ్ళు. ముందు వరసకి."

"ఎందుకండీ? ఎప్పుడూ ఫొటో తీసేటప్పుడు వస్తే చాలంటారుగా."

"మాట్లాడాలి."

పొట్టక్కకి విషయం అర్థమైపోయింది. ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "వద్దండీ. మీ మాట పూర్తిగా తెలిసేది నాకొక్కదానికే. కండక్టరుకి ఇంకా పట్టుబడలేదు. నా జీతం గురించి మీరంటే, నేనే అల్లి చెప్పాననుకుంటారు. పోయేటప్పుడు ఆ మాట పడి పోవాలా నేను?"

జడ్జిగారు ఆలోచించాడు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన ఎడమ పాదం నేల మీద గీతలు గీస్తుంది.

"అనుకోవడం వాళ్ళ పని. చెప్పడం నీ పని."

*

మీటింగు భోజనాల గదిలో. బల్లలు గోడకి నెట్టి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సంఘంవాళ్ళూ, ఆ ఇంట్లో ఉండేవాళ్ళూ అంతా వచ్చారు. అధ్యక్షురాలు బడిలో పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైనావిడ, కూతురు ఈ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిస్తే జుట్టు నెరిసిన నాన్నలు కూడా నోళ్ళు మూస్తారు.

కోశాధికారి గోడ మీద వ్యాను బొమ్మ వేసి చూపించాడు. చప్పట్లు మోగాయి. ఎవరో టీకి లేచారు కూడా. అప్పుడు ముందు వరసలోంచి డబ్ డబ్‌మని శబ్దం వచ్చింది. జడ్జిగారు తన కుర్చీకి బిగించిన చెక్క పలకని మోచేత్తో కొడుతున్నాడు.

"అన్నయ్య ఏదో చెబుతాడట. చెప్పనివ్వండి, నాలుగు మంచిమాటలు చెబుతాడు" అన్నాడు తమ్ముడు మురిసిపోతూ.

పొట్టక్క కుర్చీ పక్కన నిలబడింది. జడ్జిగారి మెడ బిగిసింది, సాగింది, మాట మొదలైంది. గదిలో కొందరు చూపులు తిప్పుకున్నారు, కొందరు టీ కప్పుల్లోకి చూసుకున్నారు. చాలాసేపటికి వాక్యం పూర్తయింది. పొట్టక్క ఒక్కతికే అది స్పష్టంగా వినిపించింది. నేను ఎవరి పుణ్యాన్నీ కాను.

"ఏమన్నాడమ్మా?" అన్నాడు తమ్ముడు.

పొట్టక్క గదంతా చూసింది. ఎదురుగా అన్ని ముఖాలు. "అందరూ... అందరూ పుణ్యం చేస్తున్నారు అంటున్నారు సార్."

తమ్ముడి కళ్ళు చెమర్చాయి. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయారు.

"కాదు!" అన్నాడు జడ్జిగారు.

ఆ ఒక్క మాటా ఆ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. చప్పట్లు సగంలో ఆగిపోయాయి. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా. పనికి తగ్గ డబ్బివ్వండి.

"పనివాళ్ళని కూడా కాస్త... కనిపెట్టుకుని ఉండమంటున్నారు" అంది పొట్టక్క, నేల చూపులు చూస్తూ.

"కాదు! కాదు!" పలక పగిలిపోతుందన్నట్టు మోగింది. వెనక వరస కుర్చీలోంచి అధ్యక్షురాలి కూతురు పకపకా నవ్వి, "అబద్ధం!" అని అరిచింది. ఆ అమ్మాయికి జడ్జిగారి మాట కొంచెం కొంచెం తెలుసు. పొట్టక్కకి భూమి చీలితే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళలో ఆయన మాట ఆమె మార్చడం ఇదే మొదటిసారి. అదీ ఒకటి కాదు, రెండు.

అధ్యక్షురాలు బల్ల చరిచింది. "ఏమ్మా, ఆయన అన్నది చెప్పడానికి ఏమైంది నీకు?"

"నా జీతం మాట నా నోటితో ఎలా చెప్పనండీ?" అంది పొట్టక్క.

"నోరు నీదే. మాట ఆయనది. చెప్పు."

తను కొత్తవాళ్ళకి చెప్పే మాటే తనకి ఎదురొచ్చింది. పొట్టక్క తలెత్తింది. జడ్జిగారు ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలుడు లేదు, కోపమే ఉంది. ఆ కోపం ఆమెకి ధైర్యమిచ్చింది. ఆయన ఒక్కో ముక్కే అన్నాడు. ఆమె ఒక్కో ముక్కే, ఉన్నదున్నట్టు, బిగ్గరగా చెప్పింది.

"నేను ఎవరి పుణ్యాన్నీ కాను. నన్ను ఎత్తడం పని. నన్ను కడగడం పని. పనికి తగ్గ డబ్బివ్వండి. దుకాణంలో అట్టపెట్టెకి టేపు అంటించేవాళ్ళకి, నాకు అన్నం తినిపించేవాళ్ళకంటే ఎక్కువ జీతం. అందుకే ఇక్కడ ఎవరూ నిలవడం లేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ నా ఒళ్ళు మొదట్నుంచీ పరిచయం చెయ్యాలి. నాకు సిగ్గుగా ఉంటుంది."

చివరిమాట చెప్పేటప్పుడు ఆమె ఆయన వైపు తిరిగింది. అది ఆమెకీ ఎప్పుడూ చెప్పని మాట.

వెనకనుంచి ఒకాయన గొణిగాడు. "ఈ మాటలు ఆయనవా, ఈవిడవా?"

"ఈవిడవైతే మనకి నచ్చేట్టు రెండుసార్లు ఎందుకు మారుస్తుంది?" అంది అధ్యక్షురాలు. "ఆయనేగా ఒప్పుకోనిది."

తమ్ముడి ముఖం పాలిపోయింది. గోడ మీది వ్యాను వైపు చూశాడు, అన్నయ్య వైపు చూశాడు. వచ్చి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"వ్యాను కూడా నీకోసమే కదా అన్నయ్యా?"

జడ్జిగారి ఒళ్ళు బిగిసింది. పొట్టక్క నోరు తెరవబోయింది. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండమ్మా. నేను వింటాను."

విన్నాడు. ఆ వయసులో మోకాళ్ళ నొప్పితో గొంతుక్కూర్చుని, పెదాల వంక కళ్ళార్పకుండా చూస్తూ విన్నాడు. ఒకసారి అర్థం కాక "మళ్ళీ చెప్పు" అన్నాడు. జడ్జిగారు మళ్ళీ చెప్పాడు. తమ్ముడి పెదాలు కూడా కదిలాయి, చదువు నేర్చుకునేవాడిలా ఆ మాటల్ని కూడబలుక్కున్నాడు.

"వ్యాను దాకా... నన్ను... తీసుకెళ్ళేది... ఎవరు?" అన్నాడు బయటికి. తర్వాత లేచి గదంతటికీ చెప్పాడు. "వ్యాను దాకా నన్ను తీసుకెళ్ళేది ఎవర్రా అంటున్నాడు."

ఆ తర్వాత గొడవ జరగలేదని కాదు. జీతాలు ఒకసారి పెంచితే మళ్ళీ తగ్గించలేమని ఒక తండ్రి అన్నాడు. అందుకే పెంచాలి అంది అధ్యక్షురాలు. వ్యాను వచ్చే ఏడు చూద్దామని అన్నది మాత్రం కోశాధికారే. చేతులెత్తమన్నప్పుడు అధ్యక్షురాలు ఒక్క క్షణం ఆగి, చక్రాల కుర్చీల వైపు కూడా చూసి, "మీరు కూడా" అంది. ఇన్నేళ్ళలో వాళ్ళని ఎవరూ అడగలేదు. చెయ్యి ఎత్తగలిగినవాళ్ళు చెయ్యి ఎత్తారు, ఒకామె గడ్డం ఎత్తింది, జడ్జిగారు ఎడమ పాదం ఎత్తాడు. కండక్టరు అన్నిటినీ కలిపి గట్టిగా లెక్కపెట్టి, ఎవరూ మిగల్లేదని ప్రకటించాడు. పెరిగిన జీతం దుకాణం జీతమంత కాకపోయినా దాని దరిదాపుల్లోకి వచ్చింది. వచ్చే నెల నుంచి, పనివాళ్ళందరికీ.

*

అందరూ వెళ్ళాక పొట్టక్క ఆయన్ని గదికి తోసుకొచ్చింది. కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. పాదాలు పలక మీంచి దించి చెప్పులు తీసింది.

"రెండుసార్లు" అన్నాడు జడ్జిగారు.

"తప్పయిందండీ."

"నా మాట ఇంకెప్పుడూ మార్చకు."

"మార్చనండీ." ఆమె ఆయన పాదం ఒళ్ళో పెట్టుకుని, బిగుసుకున్న పిక్క నొక్కుతూ కూర్చుంది. "నాకోసం అంతమందిలో..."

"నీకోసం కాదు."

ఆమె చెయ్యి ఆగింది.

ఆయన చాలాసేపు తీసుకున్నాడు. మీటింగులో అలసిపోయి ఉన్నాడు, ఒక్కో మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. అయినా ఆమె ఆగింది.

"సోమవారం నువ్వు వెళ్ళినా ఆ జీతం ఇక్కడే ఉంటుంది. ఎవరొస్తే వాళ్ళకి. నాకోసం ఉండిపోకు. నువ్వు జాలిపడి ఉంటే, నేను మళ్ళీ పుణ్యమే అవుతాను."

పొట్టక్కకి మొదట చివుక్కుమంది. తర్వాత, ఎక్కడో లోపల, బరువైన మూట ఎవరో దించినట్టయింది. ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ అద్దె ఒక పక్కా ఆయన ముఖం ఒక పక్కా ఆమెని లాగుతూనే ఉన్నాయి. ఆ రెండూ పక్కనపెట్టి, ఉండాలా పోవాలా అని ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనని తనూ అడగలేదు. ఇప్పుడు అడిగింది. జవాబు వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది.

ఫోను తీసి వదినకి చేసింది. అవతల్నుంచి మొదలైన తిట్లు జడ్జిగారికి కూడా వినిపించాయి. ఆయన కుర్చీ నవ్వుతో కదలసాగింది. పొట్టక్క తిట్లన్నీ అయ్యేదాకా ఫోను చెవికి దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది.

"జాలి కాదు వదినా, ఏ పుణ్యమూ కాదు. నాకు వచ్చిన పని ఇది. ఇప్పుడు దీంతో బతకొచ్చు" అంది.